ట్రూమనుకు నిజాం పంపిన విన్నపము

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రాజమార్గమున తూర్పుగా సాగిన ప్రయాణికునకు, హయత్‌నగరము వెనుకబడిన పిమ్మట, ఎఱ్ఱనేలలును రాతిగుట్టలును తాటివనములును అక్కడక్కడ చెఱువుకట్టలును కానవచ్చు మెట్టసీమలో చౌటుప్పల్ ఎదురగును. నేడు ఇది యాదాద్రి భువనగిరి జిల్లాలోనిదే యైనను పాతవారికి ఇది నల్లగొండ సీమయే. ఈ బాట చరిత్రలో 1948వ సంవత్సరపు సెప్టెంబరు మాసమునకు ఒక విశేషము కలదు. ఆ నెల 13వ తేదీన భారతసైన్యములు హైదరాబాదు సంస్థానమున ప్రవేశించినప్పుడు, ప్రధానదళము పడమట షోలాపురము దిక్కునుండి మేజర్ జనరల్ జె. ఎన్. చౌదరి నాయకత్వమున రాగా, తూర్పుదళము మేజర్ జనరల్ ఏ. ఏ. రుద్ర నాయకత్వమున విజయవాడనుండి ఈ మార్గముననే నడచెను. సూర్యాపేట చేజాఱిన తరువాత వెనుదిరుగుచున్న నిజాం సైన్యము మూసీనదిపై వంతెనను కూల్చినది గాని, కూల్చిన చోట నిలిచి కాల్పులు జరుపలేకపోయినది. అందుచే భారతసైనికులు వంతెనను త్వరలోనే బాగుచేసికొని ముందుకు సాగిరి. నార్కట్‌పల్లి వద్ద నిజాం పక్షపు రజాకారుల దళమొకటి నశించెను. 17వ తేదీ నాటికి సైన్యము చిట్యాల చేరెను. అటనుండి నగరమునకు పోవు దారిలో తరువాతి పెద్ద ఊరు చౌటుప్పలే. ఆ సాయంకాలమే నిజాం కాల్పుల విరమణను ప్రకటించెను.

అంతకు ముందు మాసములలో నిజాం ప్రభుత్వము ఆయుధములనే నమ్ముకొని కూర్చుండలేదు. 1947 నవంబరు 29వ తేదీన భారతప్రభుత్వముతో కుదిరిన యథాతథ ఒడంబడికకు గడువు ఒక్క సంవత్సరమే. ఆ గడువు తీరులోపల స్వతంత్రరాజ్యముగా నిలదొక్కుకొనవలెనను పట్టుదలతో మీర్ లాయక్ అలీ మంత్రివర్గము ఏ గడప త్రొక్కిన కార్యము సానుకూలమగునో ఆ గడపనెల్ల త్రొక్కెను. 1948 ఆగస్టు 21వ తేదీన ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు పోయినది. మొయిన్ నవాజ్ జంగ్ నాయకత్వమున ప్రతినిధివర్గమొకటి దానిని వినిపించుటకు విదేశములకు తరలినది. ఇవి చరిత్ర చదివిన వారెల్లరు ఎఱిగిన సంగతులే. అంతగా చర్చకు రాని సంగతి మఱియొకటి కలదు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్, అమెరికా సంయుక్తరాష్ట్రముల అధ్యక్షుడు హ్యారీ ట్రూమనును మధ్యవర్తిగా నిలిచి తగవు తీర్పుమని వేడుకొనెను. భారతదేశము దీనిని తన ఇంటి వ్యవహారముగా భావించుచుండెను, అట్టి వ్యవహారమున తలదూర్చుటకు అమెరికా ఇష్టపడలేదు, విన్నపము ఫలింపలేదు.

హైదరాబాదు విలీనమును గూర్చి వ్రాసినవారు ఈ వృత్తాంతమును ఒక వాక్యమున దాటిపోవుట కద్దు. నాకు మాత్రము ఇది ఆగి చూడదగినదిగా తోచుచున్నది. తన నోటిమాటయే శాసనముగా చెల్లిన రాజ్యమున పుట్టి పెరిగిన ప్రభువు, సముద్రముల కావల నున్న ప్రభువు మాటయు అట్లే చెల్లునని నమ్మి చేయిచాచెనని నేను తలంచుచున్నాను. ఆ పీఠము ఎట్టిది, దానికి నిజముగా ఏపాటి శక్తి కలదు, దాని కట్టుబాట్లేవి యను విచారణ ఆనాడు నిజాం నివాసమైన కింగ్‌కోఠీలో జరిగినట్లు కానరాదు. అదే విచారణ ఆ దినములలోనే ఢిల్లీలో, రాజ్యాంగ పరిషత్తులో, మిక్కిలి శ్రద్ధతో జరుగుచుండెను.

మొదట నిజాం అధికారమును చూతము. 1911లో సింహాసనమెక్కిన ఉస్మాన్ అలీఖానునకు 1918లో బ్రిటిషువారు ‘హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్’ అను బిరుదమిచ్చిరి. మఱి యే భారతీయ సంస్థానాధీశునకును ఆ బిరుదము లేదు. మంత్రిమండలి ఉండెడిది, న్యాయస్థానములుండెడివి, శాఖలు, కార్యదర్శులు, దస్త్రములు అన్నియు నుండెడివి. కాని ఏ విషయమైనను తుదకు అర్జీ రూపమున ప్రభువు సముఖమునకు పోవలసినదే. అచటనుండి వెలువడిన ఫర్మానా ప్రభుత్వపత్రికయగు జరీదాలో అచ్చుపడినచో అదియే చట్టము. దానిని కాదనుటకు శాసనసభకు హక్కు లేదు, త్రోసిపుచ్చుటకు న్యాయస్థానమునకు అధికారము లేదు. రాజ్యభూమిలో దాదాపు పదియవవంతు సర్ఫెఖాస్ పేర ప్రభువు సొంత ఖర్చుల కొఱకే ఉండెడిది. 1937 ఫిబ్రవరిలో అమెరికాలోని టైమ్ పత్రిక ఆయన చిత్రమును ముఖపత్రమున ముద్రించి, లోకమున కెల్ల మిక్కిలి ధనవంతుడని చాటినది.

ఈ అధికారము నల్లగొండ పల్లెలకు దిగివచ్చునప్పటికి దాని రూపము వేఱుగా నుండెడిది. రైతునకు నిజాం ప్రభువు కనబడడు, కనబడువారు పోలీసుపటేలు, మాలీపటేలు, పట్వారీ, వారిపైన దొర. గిర్దావరో తహసీలుదారో ఊరికి వచ్చినాడన్న కబురు తెలియగానే, కుమ్మరి కుండలతో వచ్చి వంటకు నిలువవలెను, చాకలి బట్టలు మోయవలెను, గొల్ల మేకపిల్లను తేవలెను, గౌండ్ల కల్లు దింపవలెను, కోమటి సామగ్రి ఇవ్వవలెను, మాల మాదిగలు కాగితములు పుచ్చుకొని ఊరూరికి పరుగెత్తవలెను. దీనికి కూలి లేదు. దీని పేరు వెట్టి. యుద్ధకాలమున లెవీ ధాన్యము వచ్చి పడెను. చిన్నరైతు గరిసెలు ఖాళీయగునంతవరకు కొలిచి తీసికొనిపోయిన అధికారులు, దొరల గాదెల వద్దకు వచ్చునప్పటికి కన్నులు మూసికొనుట సామాన్యమాయెను. పై నున్న అధికారమునకు హద్దు లేనప్పుడు, క్రింద నున్న ప్రతి చిన్న అధికారియు తన మేరకు తానొక నిజాం అగును. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన ఆంధ్రమహాసభ పిమ్మట ఊరూర వెలసిన ‘సంగము’లు ఎదిరించినది ఈ క్రింది నిజాములనే. ఆ యెదిరింపు సాయుధపోరాటముగా మాఱిన కథ ఇచట చెప్పబూనలేదు. అది వేఱొక గ్రంథమునకు తగినది.

ఇక నిజాం వేడుకొనిన పీఠమును చూతము. 1787 వేసవిలో ఫిలడెల్ఫియా నగరమున కూడిన ప్రతినిధులు, ఒక రాజుతో పోరాడి సంధి పొంది నాలుగేండ్లైనను నిండనివారు. వారికి రాజన్న భయము పోలేదు. అట్లని కార్యనిర్వాహకుడు లేని ప్రభుత్వము ఎంత నిర్వీర్యమో ఆ నాలుగేండ్లలో అనుభవించియు నుండిరి. ఒక్కనికి అధికారమిత్తమా, ముగ్గురికి కలిపి ఇత్తమా యను చర్చ జరిగినది. తుదకు ఒక్కనికే ఇచ్చిరి. కాని ఇచ్చిన ప్రతి అధికారము ప్రక్కను ఒక కావలివానిని నిలిపిరి. సేనలకు అధ్యక్షుడే సర్వాధిపతి, కాని యుద్ధము ప్రకటించు హక్కు కాంగ్రెసుది. సంధులు చేయువాడు అతడే, కాని సెనేటులో మూడింట రెండువంతులు ఒప్పుకొననిదే అవి చెల్లవు. మంత్రులను, న్యాయమూర్తులను, రాయబారులను ఎన్నుకొనువాడు అతడే, కాని సెనేటు ఆమోదము కావలెను. చట్టమును నిరాకరించి త్రిప్పి పంపగలడు, కాని ఉభయసభలు మూడింట రెండువంతుల బలముతో మరల చేసినచో అది అతని సమ్మతి లేకయే చట్టమగును. కాంగ్రెసు మంజూరు చేయని ఒక్క డాలరైనను ఖజానానుండి తీయలేడు. కాంగ్రెసును రద్దు చేయలేడు. నాలుగేండ్లు గడచినచో మరల ప్రజల యెదుటికి పోవలసినదే.

1789 ఏప్రిల్ 30వ తేదీన జార్జి వాషింగ్టను న్యూయార్కు నగరమున ప్రమాణము చేసెను. ఆ దినములలో ఆయనను ఏమని పిలువవలెనను ప్రశ్న సెనేటులో పుట్టినది. ఉపాధ్యక్షుడు జాన్ ఆడమ్స్ మొదలగువారు మహారాజులకు తగిన దీర్ఘబిరుదము కావలెనని వాదించిరి, ప్రతినిధులసభ ఒప్పుకొనలేదు, రాజ్యాంగమున వ్రాసినట్లు ‘అధ్యక్షుడు’ అన్న చాలునని తేలినది. ఏడవ నిజాం పేరుకు ముందు వెనుకల పంక్తులకొలది సాగిన బిరుదావళిని జ్ఞప్తికి తెచ్చుకొన్నవారికి ఈ తీర్మానపు విలువ సులభముగా బోధపడును.

1948లో ఆ పీఠమున నున్న ట్రూమను మిస్సోరీ రాష్ట్రపు రైతుబిడ్డ. మొదటి ప్రపంచయుద్ధమునుండి తిరిగివచ్చి కాన్సస్ సిటీలో పురుషుల దుస్తుల దుకాణము పెట్టి, 1922లో దివాలా స్థితికి వచ్చి, ఆ యప్పులను ఏండ్లతరబడి తీర్చినవాడు. 1945 ఏప్రిల్ 12వ తేదీన రూజ్‌వెల్టు మరణింపగా అకస్మాత్తుగా అధ్యక్షుడయ్యెను. నాలుగు నెలలైనను నిండకముందే హిరోషిమాపై అణ్వస్త్రము పడెను. ఒక మానవుని నిర్ణయమున అంతటి వినాశనశక్తి యుండుట చరిత్రలో అదియే ప్రథమము. కావున నిజాం ఆయనను సర్వశక్తిమంతుడని భావించియుండినచో అది పూర్తిగా నిరాధారమనలేము. నిజాం విన్నపము పోయిన ఆ సంవత్సరముననే, జూలై 26వ తేదీన, ట్రూమను ఒక్క ఉత్తరువుతో అమెరికా సేనలలో నల్లవారికి తెల్లవారితో సమానస్థానము ప్రసాదించెను. కాంగ్రెసులో దక్షిణాది సభ్యులు అట్టి చట్టమును ముందుకు సాగనీయరు. సేనాధిపతిగా తన చేతిలో నున్న అధికారమున ఆయన ఆ పని నెఱవేర్చెను. ఆ సంతకమును నేను ఆ పీఠపు ఉత్తమకార్యములలో నొకటిగా నెన్నుదును.

అదే సంతకము మఱియొకచోట చెల్లలేదు. 1952 వసంతమున, కొరియా యుద్ధము నడుచుచుండగా, ఉక్కు కర్మాగారములలో సమ్మె తప్పదనిపించినది. ఉక్కు ఆగినచో యుద్ధరంగమున తుపాకులకు గుండ్లు ఆగునని తలచి, ఏప్రిల్ 8వ తేదీ రాత్రి ట్రూమను రేడియోలో దేశప్రజల నుద్దేశించి మాటలాడి, కర్మాగారములను ప్రభుత్వము స్వాధీనపఱచుకొనవలెనని వాణిజ్యమంత్రి సాయరును ఆజ్ఞాపించెను. యజమానులు న్యాయస్థానమున కెక్కిరి. జూన్ 2వ తేదీన సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురుగా విడిపోయి, ఇట్లు చేయుటకు కాంగ్రెసు చట్టముగాని రాజ్యాంగముగాని అధ్యక్షునకు అధికారమీయలేదని తీర్పుచెప్పినది. ఆ ఆరుగురిలో బర్టన్, క్లార్క్ అను ఇద్దరు ట్రూమను స్వయముగా నియమించినవారు. తీర్పు వెలువడిన దినముననే ట్రూమను కర్మాగారములను విడిచిపెట్టుమని ఆజ్ఞయిచ్చెను. సమ్మె జరిగినది. సేనలు ఆయన చేతిలో నుండెను, అణ్వస్త్రములుండెను. అయినను ఆరుగురు న్యాయమూర్తులు వ్రాసిన కాగితమునకు ఆయన ఆ పూటయే తలవంచెను. నిజాం పాలనలో ఒక్క అదాలతునకైనను ఫర్మానాపై ఇట్టి అధికారము లేకుండెను.

ఇదే ఉదాహరణమునకు జోడు మఱియొకటి కలదు. అది మనకు సమీపమైనది. 1950 చివర భారతదేశమున ధాన్యము కొఱవడినది. డిసెంబరులో మన ప్రభుత్వము అమెరికాను ఇరువది లక్షల టన్నుల ధాన్యమడిగినది. ఇచ్చుటకు ట్రూమను సిద్ధపడి 1951 ఫిబ్రవరి 12వ తేదీన కాంగ్రెసునకు సందేశము పంపెను. అధ్యక్షుడు ఇత్తునన్నాడు గదా, ఓడలు కదలినవని తలంపరాదు. కొరియా విషయమున నెహ్రూ వైఖరి నచ్చని సభ్యులు కొందఱు, థోరియము గల మోనజైటు ఇసుకను బదులుగా పుచ్చుకొనవలెనని కొందఱు, దానముగా గాక అప్పుగా నీయవలెనని కొందఱు పట్టుబట్టిరి. మార్చి గడచినది, ఏప్రిల్ గడచినది, మే గడచినది. జూన్ 15వ తేదీకి గాని 19 కోట్ల డాలర్ల అప్పుగా ఆ చట్టముపై సంతకము పడలేదు.

ఆ నిరీక్షణ నడుమనే, చౌటుప్పలుకు చేరువనున్న పోచంపల్లిలో ఏప్రిల్ 18వ తేదీ సంఘటన జరిగినది. శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము ముగించుకొని, సాయుధపోరాటముచే కల్లోలితమైన తెలంగాణమున పాదయాత్ర చేయుచు వచ్చిన వినోబాభావే ఆ ఊరి హరిజనులను ఏమి కావలెనని అడుగగా, వారు 80 ఎకరముల భూమి కావలెననిరి. సర్కారును అడిగి చూచెదనని ఆయన చెప్పబోవుచుండగనే ఎవరైన ఈయగలరాయను ప్రశ్న సభలో వచ్చినది. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరములిచ్చెదననెను. భూదానోద్యమము అట్లు పుట్టినది. దానఫలితమును గూర్చి భిన్నాభిప్రాయములుండవచ్చును. దానమిచ్చిన భూములలో సాగునకు పనికిరానివి ఎన్నో యుండెననుట సత్యమే. కాని తన సొంతభూమిని ఈయగోరిన ఒక వ్యక్తి ఆ క్షణముననే ఈయగలిగెను. దేశధాన్యము ఈయగోరిన అధ్యక్షునకు నాలుగు నెలలు పట్టెను. ప్రజాధనము తన సొత్తు కాదను స్పృహయే ఆ నాలుగు నెలలకు కారణము గనుక, ఆకలిగొన్న మనకు అది బాధాకరమైనను, ఆ జాప్యమును నేను పూర్తిగా నిందింపజాలను.

పీఠమునకు ఇట్టి కట్టుబాట్లే కాని స్వేచ్ఛ లేదనుకొన్నచో అదియు పొరపాటే యగును. 1954 జూలై 10వ తేదీన ఐజన్‌హోవర్ సంతకము చేసిన పి.ఎల్. 480 చట్టము క్రింద అమెరికా గోధుమలు మనకు రూపాయల వెలకే రాసాగెను. జొన్నరొట్టె, జొన్నసంకటి తిని పెరిగిన ఈ మెట్టసీమ బిడ్డలకు సయితము గోధుమరవ్వ ఉప్మాయు పాలపొడి పాలును బడులలో పరిచయమైనవి. 1965, 66 సంవత్సరములలో వరుసగా వానలు తప్పి దేశమంతట కఱవు వచ్చినప్పుడు, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దీర్ఘకాలపు ఒప్పందమును నిరాకరించి, ఓడలను నెలనెలకును కొద్దికొద్దిగా విడుచుచు వచ్చెను. భారతదేశము వ్యవసాయవిధానమును మార్చుకొనవలెను, వియత్నాం యుద్ధమును విమర్శింపరాదు అను రెండు ఆశలు ఆ బిగింపులో నుండెను. తన మంత్రులు విడువుమన్నను, ఏ ఓడ ఎప్పుడు కదలవలెనో తానే నిర్ణయించెను. చట్టము పరిధిలోనే యైనను ఒక మానవుని ఇష్టాయిష్టములపై కోట్లమంది కంచములు వేలాడిన ఆ కాలము స్మరణకు వచ్చినప్పుడు, కాంగ్రెసు ఆలస్యముకంటె అధ్యక్షుని వేగమే భయంకరమని నాకు తోచును. మేలువిత్తనములకును, సి. సుబ్రహ్మణ్యం చేపట్టిన కొత్త వ్యవసాయవిధానమునకును అప్పుడు లభించిన ప్రోద్బలము వెనుక ఈ అవమానమును గలదు.

అమెరికా అధ్యక్షుడు స్వయముగా హైదరాబాదు గడ్డపై అడుగిడుట తరువాతి మాట. 2000 మార్చి 24వ తేదీన బిల్ క్లింటన్ హైదరాబాదులో హైటెక్ సిటీని దర్శించెను. 2006 మార్చి 3వ తేదీన జార్జి బుష్ రాజేంద్రనగరమున వ్యవసాయవిశ్వవిద్యాలయమునకు వచ్చి రైతులతోను స్వయంసహాయక సంఘముల స్త్రీలతోను మాటలాడెను. దేశాధిపతిగా మన్ననలందుకొనుట, ప్రభుత్వాధిపతిగా బేరమాడుట అను రెండు పనులు ఒక్కనియందే కలిసియుండుట ఆ పీఠపు ప్రత్యేకత. బ్రిటనులో వాటిని రాజును ప్రధానియు పంచుకొందురు. మనదేశమున రాష్ట్రపతియు ప్రధానియు పంచుకొందురు. ఈ పంపకము మనకెట్లు వచ్చినదో చెప్పవలసియున్నది.

రాజ్యాంగ పరిషత్తునకు సలహాదారైన బి. ఎన్. రావు 1947 చివర అమెరికా వెళ్లి, జస్టిస్ ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టరు మొదలగువారితో చర్చించి వచ్చెను. ఐదేండ్ల తరువాత ఉక్కు వ్యాజ్యమున ట్రూమనును కాదన్న ఆరుగురిలో ఆ ఫ్రాంక్‌ఫర్టరు ఒకడు. అమెరికా పద్ధతి తెలియకగాని, దానియందు గౌరవము లేకగాని మనవారు దానిని వదలుకొనలేదు. 1948 నవంబరు 2వ తేదీన అమెరికాలో ఎన్నికలు జరిగి, ఓడునని పత్రికలన్నియు నిర్ణయించిన ట్రూమను తన ప్రత్యర్థి డ్యూయీపై గెలిచెను. సరిగా రెండు దినములకు, నవంబరు 4వ తేదీన, ఢిల్లీలో డాక్టరు అంబేద్కరు రాజ్యాంగపు చిత్తుప్రతిని సభ ముందుంచి, మన రాష్ట్రపతికిని అమెరికా అధ్యక్షునకును గల భేదమును వివరించెను. ప్రజాస్వామిక కార్యనిర్వాహకవర్గమునకు స్థిరత్వము, బాధ్యత అను రెండు గుణములు కావలెననియు, రెండును సమపాళ్లలో దొరకుట కష్టమనియు, అమెరికా పద్ధతిలో స్థిరత్వమధికమనియు, అనుదినము సభకు సమాధానము చెప్పవలసిన బ్రిటిషు పద్ధతిలో బాధ్యతయధికమనియు, చిత్తుప్రతి బాధ్యత వైపే మ్రొగ్గినదనియు ఆయన వాదము. ముసాయిదా సంఘమున సభ్యుడైన మన నెల్లూరుసీమ న్యాయకోవిదుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యరు సైతము ఆ పక్షముననే గట్టిగా నిలిచెను. సంస్థానముల ప్రజలు తరతరములుగా ఒక్కని ఆజ్ఞకే అలవాటుపడినవారు. అట్టి ప్రజలుగల దేశమున, నాలుగైదేండ్లపాటు కదలింపరాని అధికారము ఒక్కని చేతికిచ్చుటకు సంకోచించుటయే వివేకమని నా నమ్మకము. సెప్టెంబరున లొంగిపోయిన హైదరాబాదు ఉదాహరణము అప్పటికి ఏడు వారములనాటిదే.

నిజాం సింహాసనము పోయినను, ఆయన నూతన రాజ్యాంగమున చోటు పొందెను. 1949 నవంబరులో భారతరాజ్యాంగము హైదరాబాదునకు వర్తించునని ప్రకటించిన ఫర్మానా ఆయన సంతకముతోనే వెలువడినది. 1950 జనవరి 26వ తేదీన ఆయన రాజప్రముఖుడుగా, అనగా గవర్నరువంటి రాష్ట్రాధిపతిగా, ప్రమాణము చేసెను, పరిపాలన ఎం. కె. వెల్లోడి మంత్రివర్గపు చేతిలోనుండెను. ఫర్మానాలతో పాలించిన చేయి ఇపుడు మంత్రులు పంపిన కాగితములపై సంతకము చేయవలసి వచ్చెను. 1952లో నల్లగొండనుండి రావి నారాయణరెడ్డి మూడు లక్షలకు పైగా ఓట్లతో, నెహ్రూకంటెను అధికముగా, లోక్‌సభకు గెలిచినప్పుడు, సాయుధపోరాటమున ఆయన యెదిరించిన ప్రభువు ఇంకను రాజప్రముఖపీఠమున నుండెను. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసినది ఆ రాజప్రముఖుని యెదుటనే. 1956 అక్టోబరు 31వ తేదీతో రాజప్రముఖపదవి దేశమంతట రద్దయ్యెను. బొల్లారమున బ్రిటిషు రెసిడెంటు విడిదియైన భవనము రాష్ట్రపతి నిలయమైనది.

మన రాష్ట్రపతి అధికారము అలంకారమాత్రమని చెప్పుట ఆనవాయితీ. ఆంధ్రప్రదేశమునకు ప్రథమ ముఖ్యమంత్రియైన నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతిగా నుండి 1979లో చేసిన పని ఆ మాటకు ఎంత వఱకు విలువ కలదో చూపినది. మొరార్జీ దేశాయి పతనమైన పిమ్మట ఆయన చరణ్‌సింగును ప్రధానిగా పిలిచెను. ఆ ప్రధాని లోక్‌సభ నెదుర్కొనకయే ఆగస్టు 20వ తేదీన రాజీనామా ఇయ్యగా, జగ్జీవన్‌రాం తనకు అవకాశమీయుమని కోరుచున్నను, 22వ తేదీన లోక్‌సభను రద్దుచేసెను. సభను రద్దుచేయు ఈ అధికారము అమెరికా అధ్యక్షునకు ఎన్నడును లేదు. సంజీవరెడ్డి నిర్ణయము సరియైనదా కాదా యను వాదము నేటికిని తీరలేదు; జగ్జీవన్‌రామునకు అవకాశమీయవలసినదే యని నా యభిప్రాయము.

తెలంగాణము మట్టుకు రాష్ట్రపతి సంతకము అలంకారమని ఎవరును చెప్పజాలరు. 1973 జనవరి 18 నుండి డిసెంబరు 10 వరకు ఆంధ్రప్రదేశమున రాష్ట్రపతి పాలన నడచినది. ఆ సంవత్సరముననే కుదిరిన ఆఱుసూత్రముల పథకమును అనుసరించి రాజ్యాంగమున 371–డి అధికరణము చేరినది. దాని క్రింద 1975 అక్టోబరు 18వ తేదీన రాష్ట్రపతి ఉత్తరువు వెలువడినది. ఏ జిల్లావాడు ఏ కొలువునకు స్థానికుడు, ఏ తరగతివరకు ఏ యూర చదివినచో ఆ హక్కు లభించును అనునది ఆ ఉత్తరువున నిర్ణయమైనది. నల్లగొండ ఆఱవ జోనులో చేరినది. ఆ ఉత్తరువును ఉల్లంఘించి జరిగిన నియామకములను సరిదిద్దుటకు 1985 డిసెంబరు 30వ తేదీన 610వ నంబరు జీవో వచ్చినను, అమలు జరుగలేదను ఆక్రోశము తెలంగాణోద్యమమునకు దీర్ఘకాలము ప్రాణముపోసినది. రాష్ట్రపతి సంతకము చేసిన ఉత్తరువునైనను అమలుపఱచవలసినది రాష్ట్రమంత్రులును గుమాస్తాలును గదా. సంతకము ఎంత పెద్దదైనను క్రింది దస్త్రమున అది అణగిపోవచ్చును.

రాష్ట్రవిభజన సమయమున ఈ పీఠస్వభావము మరల స్పష్టముగా కనబడినది. రాజ్యాంగపు మూడవ అధికరణము ప్రకారము పునర్వ్యవస్థీకరణ బిల్లును 2013 డిసెంబరులో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆంధ్రప్రదేశ్ శాసనసభ అభిప్రాయమునకు పంపెను. 2014 జనవరి 30వ తేదీన ఆ సభ దానిని తిరస్కరించినది. ఆ తిరస్కారము రాష్ట్రపతిని బంధింపదు, పార్లమెంటునైనను బంధింపదు. ఫిబ్రవరి 18వ తేదీన లోక్‌సభయు, 20వ తేదీన రాజ్యసభయు ఆమోదింపగా, మార్చి 1వ తేదీన రాష్ట్రపతి సంతకము పడి, జూన్ 2వ తేదీన తెలంగాణము ఏర్పడినది. 2016 అక్టోబరు 11వ తేదీన చౌటుప్పలును నల్లగొండ జిల్లానుండి వేఱుచేసి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేర్చుటకు రాష్ట్రప్రభుత్వపు ఆజ్ఞయే చాలినది. కాని ఆ కొత్త జిల్లాలను అనుసరించి కొలువుల స్థానికతను మార్చుటకు మాత్రము మరల రాష్ట్రపతి ఉత్తరువు కావలసి, అది 2018లో వెలువడినది. సూర్యాపేట, నల్లగొండ, జనగామలతో కూడ యాదాద్రి భువనగిరిని యాదాద్రి జోనులో చేర్చినది ఆ ఉత్తరువే; చౌటుప్పలున చదివిన బాలుడుగాని బాలికగాని సర్కారు కొలువునకు దరఖాస్తు పెట్టునప్పుడు, తాను ఏ జిల్లాకు, ఏ జోనునకు స్థానికుడో ఋజువు చేసికొనవలసినది దాని ప్రకారమే.